టైలరమ్మ బొటనవేలు

నెలకొక శనివారం ఉదయం, ఆరోగ్యకేంద్రం మేడమీది గదిలో, బల్లమీద ఒక కాలు పడుకుని ఉండేది. కంగారు పడవలసిన పనిలేదు, అది గుడ్డకాలు. లోపల దూదీ పేలికలూ దట్టించి, మోకాలి దగ్గర రెండు కుచ్చులు తీసి, తొడభాగం నిండుగా వచ్చేలా కుట్టి, పైన మందపాటి జీన్సు ప్యాంటు సగం తొడిగిన ఎడమకాలు. ఎడమకాలే ఎందుకు కుట్టారని ఎవరో అడిగితే, "కుడికాలు నడుచుకుంటూ వెళ్ళిపోయిందండీ, ఇదొక్కటే దొరికింది" అంది టైలరమ్మ. గదంతా నవ్వింది. నవ్విన మనిషికి పాఠం త్వరగా ఎక్కుతుందని ఆమెకు తెలుసు. అది ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్చుకున్నది కాదు. కొలతలు తీసేటప్పుడు కర్రల్లా బిగుసుకుపోయే పిల్లలను నవ్వించి, భుజాలు దింపించిన అనుభవం నేర్పినది.

ఆమె దుకాణం వీధి మలుపులో ఉండేది. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, మేకుకు వేలాడే టేపు, మూలన పేలికల బుట్ట. వెనకతలుపు తీస్తే ఇల్లు. ఆ వీధిలో పెరిగిన నడుములూ తగ్గిన నడుములూ అన్నీ ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పదు. "మా ఆవిడ నడుము ఎంతండీ?" అని ఏ భర్త అయినా సరదాపడితే, "ధైర్యముంటే ఆవిడనే అడగండి" అనేది. చేతికుట్టులో ఆమెకు సాటి లేదు. మందపాటి గుడ్డలో సూది మొరాయిస్తే, దాని వెనకకొసకు బొటనవేలు ఆనించి ఒక్క నొక్కు నొక్కేది. సూది మాట వినేది. ఏళ్ళ తరబడి అలా నొక్కి నొక్కి ఆ వేలికొన కాయకట్టింది. పని ఏదైనా మనిషిమీద ఎక్కడో ఒకచోట ముద్ర వేయక మానదు: రాసేవాడికి నడిమివేలి పక్కన, మూటలు మోసేవాడికి మెడమీద, పాఠం చెప్పేవాడికి గొంతులో. ఆమెకు బొటనవేలిమీద వేసింది.

శనివారపు పాఠంలో ఆమె చెప్పేది ఎక్కువేమీ కాదు. పడని పదార్థం నోట్లోకి వెళితేనో, తేనెటీగ కుడితేనో, ఏదైనా మందు పడకపోతేనో ప్రాణం మీదికి వచ్చే మనుషులు కొందరుంటారు; అటువంటి మనిషి మన కళ్ళముందు కూలబోతుంటే డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలన్నది.

"ఉత్త దద్దుర్లయితే చిన్నదే కావచ్చు," అనేది ఆమె. "కానీ నాలుక మందమై మాట ముద్దగా వచ్చిందా, గొంతు బొంగురుపోయిందా, దగ్గు ఆగడం లేదా, ఊపిరి ఈలేస్తోందా, కళ్ళు తిరిగి తూలుతున్నారా, ఇక అది చిన్నది కాదు. వాంతులు కూడా లెక్కలోకే వస్తాయి. 'నాకేదో అయిపోతోంది' అని వాళ్ళంటే కొట్టిపారెయ్యకండి. ఒంటికి మనకంటే ముందే తెలుస్తుంది. వెంటనే పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తి పెట్టండి. ఊపిరాడక పడుకోలేకపోతే కూర్చోబెట్టండి, అంతేగాని లేపి నడిపించకండి. తొడ బయటివైపు, నడిమధ్యన, ప్యాంటు ఉంటే ప్యాంటు మీదనుంచే సూదిపెన్ను, అంటే మందు నింపి ఉంచిన ఈ సూది, గుచ్చి పదిదాకా లెక్కపెట్టండి. అంబులెన్సుకి ఫోను చెయ్యండి. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో పెన్ను. తేరుకున్నా సరే, ఆస్పత్రికి వెళ్ళి తీరాల్సిందే, మళ్ళీ తిరగబెట్టొచ్చు."

"దురద మాత్ర వేసి కాసేపు చూద్దామండీ?" అని ప్రతినెలా ఎవరో ఒకరు అడిగేవారు. ఆ 'చూద్దాం' అనే మాట వింటే ఆమె ముఖం మాడిపోయేది. నిజానికి మన భాషలో అంత మర్యాదగల క్రియ మరొకటి లేదు. సంబంధం కుదరదని చెప్పలేనివారు చూద్దాం అంటారు, అప్పగించిన పని ఇష్టం లేనివారు చూద్దాం అంటారు. కాని గొంతు మూసుకుపోతున్న పిల్ల ఎదుట ఆ మర్యాద పనికిరాదు. "మాత్ర దురదకండీ. ప్రాణానికి సూది," అనేది టైలరమ్మ.

ఆ తరువాత పాఠంలో ఆఖరి ముక్క చెప్పేది. "ఒక తల్లి ఉండేదండీ. సూదిపెన్ను తలకిందులుగా పట్టుకుని, వెనకనుంచి నొక్కుదామని బొటనవేలు ఆనించింది. సూది అటునుంచే వచ్చింది. మందంతా వేల్లోకి పోయింది. అందుకని పెన్ను పిడికిట్లో పట్టుకోండి, బొటనవేలు మాత్రం ఏ కొసమీదా పెట్టకండి." అంతవరకే. ఆ తల్లి ఎవరని ఎవరూ అడగలేదు. అడగనివ్వకుండా ఆమె వెంటనే గుడ్డకాలిని వాళ్ళముందుకు జరిపేది.

ఆ తల్లి ఆమే.

ఏడేళ్ళ కిందటి మాట. లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు, గువ్వ అని పిలిచేవారు. ఎనిమిదేళ్ళు. జీడిపప్పు పడదని నాలుగో ఏటనే తెలిసింది. భర్త స్కూలు బస్సు డ్రైవరు; ఆయన చిన్ననాటి స్నేహితుడు అదే వీధిలో మందులషాపు నడిపేవాడు. సాయంత్రాలు షాపు మెట్లమీద ఇద్దరూ చదరంగం ఆడుతూ, ఎత్తు ఎత్తుకూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే, గువ్వ ఓడినవాడి పక్షాన కూర్చునేది. డాక్టరు రాసిన సూదిపెన్నును ఎక్కడెక్కడో వెతికి తెప్పించినది ఆ స్నేహితుడే. తెచ్చినరోజు టైలరమ్మ దుకాణానికి వచ్చి, "ఎలా వెయ్యాలో చూపిస్తాను, ఇలా కూర్చో చెల్లెమ్మా," అన్నాడు.

ఆమె కుడుతున్న కాలరు మీదనుంచి తల ఎత్తకుండానే నవ్వింది. "సూది పట్టుకోవడం నాకు నేర్పుతారా అన్నయ్యా? రేపు చేపకి ఈత కూడా నేర్పండి."

ఆయన కూడా నవ్వి, కాగితం చదువుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. కాగితం పెన్నుతోపాటు సొరుగులో ఉండిపోయింది.

పైఅంతస్తు పిల్లవాడి పుట్టినరోజు. కేకుమీది క్రీములో జీడిపప్పు పొడి కలిపిన సంగతి చేసినవారికి తప్ప ఎవరికీ తెలియదు. గువ్వ మెట్లు దిగివచ్చి, "అమ్మా, నాలుక గుచ్చుకుంటోంది," అంది. మిషనుమీద ఒక అంచు సగంలో ఉంది. "నీళ్ళు తాగు, చూద్దాం," అంది తల్లి. అంచు పూర్తయ్యేసరికి పిల్ల గొంతు మారిపోయింది. ముసలివాళ్ళ గొంతులాంటి గొంతుతో "అమ్మా" అంది.

టైలరమ్మ సొరుగు లాగింది. పెన్ను తీసి మూత ఊడబీకింది. ఏ కలానికైనా పాళీ మూతకింద ఉంటుంది. ఏ సూదికైనా నొక్కేది వెనకనుంచి. చదువు చెప్పిన నమ్మకం ఒకటి, చేతిపని చెప్పిన నమ్మకం ఒకటి, రెండూ కలిసి ఒకేసారి ఆమెను మోసం చేశాయి. ఆ పెన్నుకు మూత ఒక చివర, సూది రెండో చివర. మూత తీసిన కొనను పిల్ల తొడకు ఆనించి, రెండో కొనమీద బొటనవేలు పెట్టి, మొరాయించే గుడ్డలో సూదిని దింపినట్టు బలమంతా పెట్టి నొక్కింది. టిక్కుమంది. ఎముకదాకా దిగింది.

క్షణంలో వేలు పాలిపోయి చల్లబడింది. గుండె డప్పులా మోగసాగింది, చేతులు వణకసాగాయి. బిడ్డ గుండెకు అందవలసిన బలం తల్లి ఒంట్లో పరుగులు తీస్తోంది. ఆమె పిల్లను నిలువునా భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. అలా నిలువుగా ఎత్తుకోకూడదని అప్పటికి ఆమెకు తెలియదు. అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రికి చేరేసరికి గువ్వ లేదు.

భర్త డ్రైవరు యూనిఫారంతోనే ఆస్పత్రి వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. "సూది వెయ్యలేదా?" అన్నాడు.

"వేశాను," అంది ఆమె, వేలు పిడికిట్లో దాచుకుని. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇంకేదో చెప్పాలి. "పనిచెయ్యలేదు."

'వేశాను' అన్నమాట అబద్ధం కాదు. ఎవరికి వేశావన్నది చెప్పకపోతే ఆ వాక్యం సగం వాక్యమే. కాని దుఃఖం కమ్మిన ఇంట్లో మిగతా సగం అడిగేవారెవరు? 'పనిచెయ్యలేదు' అన్నది మాత్రం నిండు అబద్ధం. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి వంద అబద్ధాలు ఆడాలంటారు పెద్దలు. ఆమెకు అవసరం రాలేదు. ఊరుకుంటే సరిపోయింది.

మర్నాడు భర్త మందులషాపు ముందు నిలబడి, వీధంతా వినేలా, "పాత సరుకు అంటగట్టి నా బిడ్డని చంపావురా," అన్నాడు. స్నేహితుడు ఒక్కమాటా అనలేదు. వీధివాళ్ళు విన్నారు, వినీ విననట్టు నడిచారు, మందులు వేరేచోట కొనుక్కోవడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ షాపు పెద్దవీధి వదిలి, వెనకసందులో ఒక ఇరుకు గదిలోకి మారిపోయింది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా భర్త ఆ స్నేహితుణ్ణి తిట్టేవాడు. టైలరమ్మ వడ్డిస్తూ వినేది. చెబుదామని నోరు తెరిచిన రోజులున్నాయి. తెరిచిన నోటితో "మజ్జిగ పొయ్యనా?" అని అడిగేది.

గువ్వ పోయిన రెండేళ్ళకు ఆరోగ్యకేంద్రం నర్సమ్మ తన యూనిఫారం వదులు చేయించుకోవడానికి వచ్చి, మాటలమీద, "శనివారం పాఠానికి రండక్కా, మీలాంటివాళ్ళు వింటే పదిమందికి చెబుతారు," అన్నది. అక్కడ సూదిలేని నమూనా పెన్నును చేతిలోకి తీసుకుని, తాను చేసినదేమిటో టైలరమ్మ మొదటిసారి స్పష్టంగా చూసింది. పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా కుర్చీలోంచి లేవలేదు. మరుసటి నెల గుడ్డకాలు కుట్టి తీసుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కాని కాలని చేతులు ఇంకా ఊళ్ళో చాలా ఉన్నాయి. అయిదేళ్ళలో ఆమె ఆ కాలితో ఎంతమందికి నేర్పిందో లెక్కపెట్టుకోలేదు. భర్త మాత్రం ఆ మేడమెట్లు ఒక్కసారీ ఎక్కలేదు. "ఆ సూదులు పనిచేసుంటే మన గువ్వ ఉండేది. నువ్వు నేర్పు, నేను వినను," అనేవాడు.

ఏడో ఏట స్కూలు బస్సుల యజమాని, డ్రైవర్లంతా ఈ పాఠం నేర్చుకుని సంతకం పెట్టి రావాలని, పెట్టనివాడికి బండి ఇవ్వనని చెప్పాడు. జాబితాలో భర్త పేరు కూడా ఉంది. ఆ ఉదయం ఆయన బూట్లు తొడుక్కుంటూ, "సంతకం పెట్టి వచ్చేస్తాను. నన్నేం అడక్కు," అన్నాడు.

ఆమెకు ఒక్కటే భయం. ఆయన ఎదుట 'ఒక తల్లి' కథ చెబితే ఆయనకు తెలిసిపోతుంది. చెప్పకపోతే పన్నెండుమంది డ్రైవర్లు బొటనవేలి సంగతి తెలియకుండానే పిల్లలను ఎక్కించుకుని వెళతారు.

గదిలో డ్రైవర్లు వెనకవరస కుర్చీలన్నీ ముందే ఆక్రమించారు. వారిలో ఒకడికి గొంతు పెద్దది, అందరూ హారన్ అనేవారు. గుడ్డకాలిని చూడగానే, "అమ్మా, ఇది మా సూపర్‌వైజరుగారి కాలు కాదు కదా? అయితే చెప్పండి, పది పెన్నులు తెచ్చుకుంటాను," అన్నాడు.

"ఆయన ప్యాంటు కూడా నేనే కుట్టానయ్యా. ఆ గుడ్డలోంచి ఏ సూదీ దిగదు," అంది టైలరమ్మ. అందరూ నవ్వారు. భర్త గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె పాఠం చెప్పింది. లక్షణాలు చెప్పింది, పడుకోబెట్టడం చెప్పింది, పెన్ను మూత తీసి చూపించింది. 'ఒక తల్లి' దగ్గరికి వచ్చేసరికి కిటికీ దగ్గరున్న భర్తవైపు చూసింది. ఆ ముక్క దాటేసి, "ఇక మీరు చేసి చూపించండి," అంది. నర్సమ్మ తల ఎత్తి ఆమెవైపు చూసింది.

డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కాలిని పొడిచారు. హారన్ పొడుస్తూ, "నా బండిలో ఒక పాప ఉందమ్మా, పల్లీలు పడవు. వాళ్ళమ్మ రోజూ నాకు పెన్ను అప్పగించి దణ్ణం పెట్టి వెళ్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ పెన్ను చూస్తేనే నాకు చెమటలు," అన్నాడు.

భర్త వంతు వచ్చింది. ఆయన గోడ దగ్గరినుంచి కదలలేదు.

"రండి గురువుగారూ," అన్నాడు హారన్. "మీరు స్టీరింగు పట్టుకుంటే బండి వణుకుతుంది, పెన్నెంత?"

"నేను పట్టుకోనురా. ఆ పెన్నుని నమ్మకండి." "ఈవిడ చెప్పదు, నేను చెబుతున్నాను వినండి. మా పాపకి ఇదే పెన్ను వేసింది ఈవిడ. పనిచెయ్యలేదు. షాపువాడు పాతది అంటగట్టాడు. ఈ పాఠమంతా విని మీరు కూడా దాన్నే నమ్ముకుని కూర్చుంటారు, పిల్ల పోతుంది."

హారన్ చేతిలోని నమూనా పెన్నును ఒకసారి చూసి బల్లమీద పెట్టేశాడు. "అయితే ఇదంతా ఎందుకండీ? అలా అయితే నేను పాపని ముందు సీట్లో కూర్చోబెట్టి, హారన్ నొక్కి పట్టి, ఆస్పత్రికి తోలేస్తాను. అదే నయం."

"అదే నయం," అన్నారు ఇద్దరు ముగ్గురు. ఒకడు సంతకాల కాగితం కోసం చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి కాగితందాకా రాకముందే టైలరమ్మ, "పెన్ను పనిచేసింది," అంది.

భర్త ఆమెవైపు తిరిగాడు.

"బాగా పనిచేసింది. కొత్తదే. అన్నయ్య ఇచ్చింది మంచిదే." ఆమె కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు వాళ్ళకు కనిపించేలా పట్టుకుంది. "ఇందులో పనిచేసింది. సూదులు నాకు తెలుసనుకున్నాను. తలకిందులుగా పట్టుకుని ఈ వేలు పెట్టి నొక్కాను. మందంతా నాకే ఎక్కింది. పాపకి ఒక్క చుక్క అందలేదు."

కింద ఓపీ గదిలో ఎవరినో పిలుస్తున్న కంపౌండరు గొంతు మేడమీదికి వినిపించింది. భర్త ఆ వేలివైపు చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా తలుపు దాకా నడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసి, దిగి వెళ్ళిపోయాడు. తలుపు ధడాలున వేసి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది.

"అక్కా, ఇక చాలు, కూర్చోండి," అంది నర్సమ్మ.

"ఇంకా పదకొండుమంది ఉన్నారమ్మా," అంది టైలరమ్మ. హారన్ చేతిలో పెన్ను మళ్ళీ పెట్టింది. అతని వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి పిడికిలి చేసి, బొటనవేలిని పిడికిలిమీదికి మడిచింది. "ఇలా. ఈ వేలు పైకి లేవకూడదు." హారన్ ఏడుస్తూనే గుడ్డకాలిని పొడిచి, లోగొంతుకతో పదిదాకా లెక్కపెట్టాడు. ఆమె పదకొండు పిడికిళ్ళూ అలాగే సరిచేసి, పదకొండు సంతకాలూ పెట్టించి, కాలిని సంచిలో సర్దుకుని ఇంటికి వెళ్ళింది.

భర్త దుకాణంలో, కొలతలకు వచ్చినవారు కూర్చునే స్టూలుమీద కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ," అంది ఆమె.

"వేలు నొప్పెట్టిందా?" అన్నాడు ఆయన.

ఆ ప్రశ్న వస్తుందని ఆమె ఏడేళ్ళలో ఎన్నడూ ఊహించలేదు. "వారంరోజులు," అంది.

"వారంరోజులు. నేను పక్కనే పడుకున్నాను." ఆయన గొంతు పెరగలేదు. "కంగారులో వేలు పెట్టావు. ఎవరైనా పెడతారు. నేనైనా పెడతాను. అప్పుడే చెప్పుంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం కదే. నన్ను వాడిమీదికి వదిలేశావు. అన్నం తింటూ తింటూ వాణ్ణి తిట్టాను. నువ్వు మజ్జిగ పోశావు."

"భయమేసింది."

"నేనంటేనా?"

"మీరంటే కాదు. మీరు నన్ను చూసినప్పుడల్లా నా వేలే కనిపిస్తుందని."

ఆయన లేచి, "పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికి. నేనొక్కణ్ణే పోతే ఏం చెప్పాలో నాకు తెలీదు."

వెనకసందు ఇరుకైనది, రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి దిగాలి. మధ్యాహ్నపు ఎండ ఒకవైపు గోడమీదే ఉంది. మందులషాపాయన కౌంటరు వెనక నిలబడి ఒక ముసలమ్మకు దగ్గుమందు ఇస్తున్నాడు. సీసా ఆమె చేతికి ఇవ్వకుండా, "తేదీ చదవండమ్మా," అన్నాడు.

"నాకు కళ్ళు కనబడవు బాబూ."

"అయితే నేను చదువుతాను, మీరు వినండి." నెలా సంవత్సరం రెండుసార్లు చదివాడు. సీసాను వెలుతురుకు పట్టి ఇంకోసారి చూసుకున్నాడు. "ఇక్కడ మందు తీసుకునే ప్రతివాడూ తేదీ విని వెళ్ళాల్సిందే, ఈయనతో ఇదే చాదస్తం," అని గొణుక్కుంటూ ముసలమ్మ మెట్లు దిగింది. అప్పుడు ఆయన ఎదుట నిలబడిన ఇద్దరినీ చూశాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఒకే ఊళ్ళో ఉంటూ టైలరమ్మ ఆ సంగతి అప్పుడే గమనించింది. చేతులు రెండూ కౌంటరుమీద ఆనించుకున్నాడు, తన్నులు తినడానికి సిద్ధమైన మనిషిలాగా.

భర్త నోరు తెరిచాడు. తల దించుకుని మెట్టుమీద కూలబడ్డాడు.

"అన్నయ్యా," అంది టైలరమ్మ. "పెన్ను మంచిదే. నేను తలకిందులుగా పట్టుకున్నాను. మందు నా వేల్లోకి పోయింది. ఆరోజు మీరు చూపిస్తానంటే నేనే నవ్వాను. ఈయనకి ఇవాళే చెప్పాను. మీకు ఇప్పుడు చెబుతున్నాను. ఏడేళ్ళ క్రితమే చెప్పాల్సింది."

ఆయన ఆమె పెదవులవైపే చూస్తూ ఉండిపోయాడు, చెవులతో విన్నది చాలనట్టు.

"ఆ వేసవి ఎండలు గుర్తున్నాయా చెల్లెమ్మా?" అన్నాడు చివరికి. "పెద్దవీధి షాపుకి రేకుల కప్పు. మధ్యాహ్నం లోపల నిలబడలేకపోయేవాళ్ళం. ఆ మందుకి వేడి పడదు. పెట్టె వచ్చినరోజు ఒకపూట కౌంటరుమీదే ఉంచేశాను. తేదీ సరిగ్గానే ఉంది, నాకు తెలుసు. కానీ ఆ పూట... వీడు వచ్చి అరిచినప్పుడు అందుకే నేనేం మాట్లాడలేదు. అవునేమో అనుకున్నాను. నా చేతులతోనే గువ్వని..." మిగతాది అనలేకపోయాడు.

టైలరమ్మ ఇన్నాళ్ళూ తన మౌనం వీధిలో ఒక షాపును మూయించిందనుకుంది; ఒక స్నేహాన్ని చంపిందనుకుంది. ఈ మనిషి ప్రతి సీసానూ వెలుతురుకు పట్టి చూసుకుంటూ, తెల్లవారిన ప్రతి రోజూ ఒక పిల్ల చావును మోస్తూ బతికాడన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఆయన మోస్తున్నది ఆమెది. ఒక్కమాటతో ఏనాడైనా దింపగలిగి ఉండేది.

"అయితే నేను కాదు కదమ్మా?" అన్నాడు ఆయన.

"కాదన్నయ్యా."

"ఆ వేడి వల్ల కాదు?"

"కాదు. నా వేలు మంచులా చల్లబడింది. గుండె ఎగిరెగిరి పడింది. ఆ మందులో ఉన్న బలమంతా అలాగే ఉంది."

ఆయన కౌంటరు వెనక స్టూలుమీద కూర్చుండిపోయాడు. ఇంతలో ఎవరో వచ్చి తలనొప్పి మాత్రలు అడిగారు. లేచి, మాత్రలు తీసి, తేదీ చదివి వినిపించాడు; మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటినుంచి చదివాడు. వచ్చినవాడు మెట్టుమీద కూర్చుని ఏడుస్తున్న డ్రైవరును చుట్టి దాటుకుని వెళ్ళిపోయాడు. మందులషాపాయన స్నేహితుడివైపు ఒక్కసారీ చూడలేదు. టైలరమ్మవైపే తిరిగాడు.

"నేను కాదు కదా?"

"మీరు కాదన్నయ్యా."

ఆయన తల ఊపాడు. ఊపుతూనే, ఇంకా నమ్మకం చాలనట్టు, ఇంకొకసారి అడిగాడు. ఆయన ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ చెప్పడానికి టైలరమ్మ ఆ కౌంటరు ముందు నిలబడే ఉంది.